తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లకు క్లినికల్ పాత్‌వే: వార్డులో నిజంగా నడవాలంటే ఏం చేయాలి?

ఆర్థో వార్డు సిస్టర్

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక మధ్యతరహా ప్రైవేటు ఆసుపత్రిలో ఆర్థో వార్డు ఇన్‌ఛార్జిని. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లు మా వార్డులో ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. వీళ్ల కోసం ఒక క్లినికల్ పాత్‌వే, అంటే చేరినప్పటి నుంచి ఏ రోజు ఎవరు ఏం చేయాలో రాసిపెట్టిన కాగితం, తయారు చేయమని మేనేజ్‌మెంట్ చెప్పింది. డ్రాఫ్ట్ రాసే పని నాకు అప్పగించారు.

మా పరిస్థితి చెప్తాను. ముగ్గురు ఎముకల డాక్టర్లు వస్తారు, ముగ్గురివీ మూడు పద్ధతులు. ఒకరు రాగానే కాలిని లాగి ఉంచేలా ట్రాక్షన్ బరువు కట్టమంటారు, ఇంకొకరు వద్దంటారు. ఒకరు ఆపరేషన్ మర్నాడే యూరిన్ పైపు తీయిస్తారు, మరొకరి పేషెంట్లకు డిశ్చార్జి రోజు దాకా ఉంటుంది. పక్కపక్క మంచాల్లో ఒకే వయసు, ఒకే రకం ఫ్రాక్చర్ ఉన్న ఇద్దరిలో ఒకావిడ వాకర్ పట్టుకుని నడుస్తుంటే రెండో ఆవిడ ఇంకా పడుకునే ఉంటుంది. "వాళ్లని నడిపిస్తున్నారు, మా అమ్మని ఎందుకు నడిపించరు సిస్టర్?" అని అటెండెంట్లు అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

అన్నిటికన్నా బాధపెట్టేది ఉపవాసం. రాత్రి పదింటి నుంచి నోట్లో ఏమీ వేయొద్దని అందరికీ ఒకటే ఆర్డర్. పెద్దవాళ్ల కేసు లిస్టులో చివరికి పోతుంది. మధ్యలో ఎమర్జెన్సీ వస్తే ఇంకా వెనక్కి. మధ్యాహ్నం మూడయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోయి, "తల్లీ, గుక్కెడు నీళ్లు పొయ్యి" అని చెయ్యి పట్టుకుని అడుగుతారు. తడిగుడ్డతో పెదాలు తుడవడం తప్ప ఏమీ చేయలేం. సాయంత్రం కేసు క్యాన్సిలైతే మర్నాడు మళ్లీ అదే కథ.

దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

క్వాలిటీ డెస్క్, హైదరాబాద్

సిస్టర్, డ్రాఫ్ట్ పని మీకు రావడం మంచిదే. 1985లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ మెడికల్ సెంటర్‌లో ఈ పద్ధతికి రూపం ఇచ్చింది నర్సింగ్ విభాగమే, కారెన్ జాండర్ నాయకత్వంలో. పెద్ద ప్రాజెక్టుల్లో ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది, దాన్ని వాళ్లు పేషెంట్ కేర్‌కి తెచ్చారు. దానికి రెండేళ్ల ముందు, 1983లో, అమెరికా మెడికేర్ రోజుల లెక్కన కాకుండా జబ్బును బట్టి ఒక మొత్తం కట్టివ్వడం మొదలుపెట్టింది. మన ఆరోగ్యశ్రీ ప్యాకేజీ లాంటిదే అనుకోండి. పేషెంటు ఊరికే మంచం మీద గడిపే రోజు ఖర్చు ఆసుపత్రి నెత్తిన పడేసరికి, ఏ రోజు ఏం జరగాలో అందరూ కూర్చుని రాసుకోక తప్పలేదు.

గైడ్‌లైన్ ఏం చేయాలో చెప్తుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2019లో విడుదల చేసిన స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు చూడండి, ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీ, చాలా బాగుంటాయి. పాత్‌వే మీ వార్డుకు సంబంధించినది. ఎవరు, ఏ గంటకు, ఎక్కడ చేయాలి, జరగకపోతే ఎందుకు జరగలేదో ఎక్కడ రాయాలి అన్నది అందులో ఉంటుంది. ఆ చివరిదాన్ని వేరియన్స్ అంటారు. వేరియన్స్ కాలమ్ లేకపోతే అది మామూలు చెక్‌లిస్ట్.

ఫలితాల గురించి 2010లో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష వచ్చింది. 27 అధ్యయనాలు, 11,398 మంది. ఆసుపత్రిలో వచ్చే కాంప్లికేషన్లు తగ్గాయి, కేస్ షీట్ రాయడం మెరుగుపడింది. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. మేనేజ్‌మెంట్‌కి ఇది ముందే చెప్పండి, లేనిపోని ఆశలు పెట్టుకోకుండా.

ఎముకల డాక్టర్

నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. 78 ఏళ్ల పెద్దాయన, గుండెకు స్టెంట్ వేసి ఉంది, రక్తం పలచన చేసే క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ ఎక్కువ. పక్కన 66 ఏళ్ల ఆవిడ, బీపీ తప్ప ఏమీ లేదు. ఇద్దరికీ ఒకే కాగితం ఎలా సరిపోతుంది? రేపు ఏదైనా జరిగితే కన్స్యూమర్ కోర్టులో ఆ కాగితమే తెచ్చి "ఇందులో ఇలా ఉంది, మీరు ఎందుకు చేయలేదు?" అని అడుగుతారు. సంతకం నాది, బాధ్యత నాది. కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లు పేషెంట్‌ని చూడటం మానేసి టిక్కులు పెట్టడం నేర్చుకుంటారేమోనన్న భయం కూడా ఉంది.

మత్తు డాక్టర్, కర్నూలు

సర్, మీరు చెప్పిన పెద్దాయన దగ్గర్నుంచే మొదలుపెడదాం. మన దగ్గర ఆలస్యాలు ఎక్కువగా అలాంటి వాళ్ల విషయంలోనే, పైగా అందులో సగం అక్కర్లేనివి.

క్లోపిడోగ్రెల్ వాడుతున్నారని ఐదు రోజులో వారమో ఆపడం మనకు అలవాటు. ఆ వారం పాటు ఆ మనిషి నొప్పితో, వెల్లకిలా, కదలకుండా ఉంటారు. న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు, అన్నీ అక్కడే మొదలు. తుంటి ఫ్రాక్చర్‌కి ఆస్పిరిన్ కోసం గానీ క్లోపిడోగ్రెల్ కోసం గానీ ఆపరేషన్ ఆపొద్దని బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘం గైడ్‌లైన్ స్పష్టంగా చెప్తుంది. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) రిస్క్ అనుకుంటే జనరల్ అనస్తీషియా, దానికి తోడు నరానికి బ్లాక్ (నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్) ఇవ్వొచ్చు. ఎకో (గుండె స్కాన్) కూడా అంతే. గుండెలో మర్మర్ (అదనపు చప్పుడు) వినిపించినంత మాత్రాన కార్డియాలజిస్టు వచ్చేదాకా రెండు రోజులు కాచుకోనక్కర్లేదు. వీలైతే చేయించండి, కానీ దాని కోసం ఓటీ (ఆపరేషన్) ఆపకండి.

మరి ఎప్పుడు ఆపాలి? అదే గైడ్‌లైన్ 2011లో అంకెలతో సహా ఇచ్చింది. హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువ, సోడియం 120 కన్నా తక్కువ లేదా 150 కన్నా ఎక్కువ, పొటాషియం 2.8 కన్నా తక్కువ లేదా 6 కన్నా ఎక్కువ, అదుపులో లేని షుగర్, అదుపులో లేని లేదా అప్పటికప్పుడు వచ్చిన గుండె ఫెయిల్యూర్, నిమిషానికి 120 దాటి సరిచేయగలిగిన గుండె లయ తేడా, సెప్సిస్‌తో (ఒళ్లంతా ప్రభావం చూపే స్థితితో) ఉన్న ఛాతీ ఇన్ఫెక్షన్, సరిచేయగలిగిన రక్తం గడ్డకట్టే లోపం. ఇవి ఉంటే ఆగి, సరిచేసి, వెంటనే తీసుకెళ్లండి. ఈ పేరా ఒక్కటి ప్రింట్ తీసి క్యాజువాలిటీలో అతికించినా చాలా మందికి మేలు. "ఫిట్‌నెస్ రాలేదు" అన్న ఒక్క మాట వెనక ఎన్ని రోజులు పోతున్నాయో మనందరికీ తెలుసు.

ఇంకో చిన్న విషయం. చిన్నదే కానీ కేసులు వాయిదా పడేది ఇక్కడే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్ 40 మి.గ్రా. డోసుకీ స్పైనల్‌కీ మధ్య 12 గంటలు ఉండాలి. సాయంత్రం ఆరింటికి ఇస్తే మర్నాడు పొద్దున కేసు హాయిగా నడుస్తుంది. నైట్ డ్యూటీ సిస్టర్ హడావుడిలో పొద్దున ఆరున్నరకి ఇస్తే నేను తొమ్మిదింటికి స్పైనల్ ఇవ్వలేను. పాత్‌వేలో "ఎనాక్సాపారిన్ రోజుకోసారి" అని రాయకండి. "సాయంత్రం 6కి" అని రాయండి.

లీడ్స్ నుంచి

నేను గుంటూరులో చదివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో వృద్ధుల వైద్యం చేస్తున్నాను. తుంటి ఫ్రాక్చర్ వార్డులో రోజూ ఆర్థో వాళ్లతో కలిసి రౌండ్స్‌కి వెళ్తాను. ఇక్కడ జరిగింది మీకు ఉపయోగపడొచ్చని రాస్తున్నాను.

2007లో జాతీయ తుంటి ఫ్రాక్చర్ రిజిస్టర్ మొదలైంది. ప్రతి ఆసుపత్రి ప్రతి పేషెంటు వివరాలు అందులో ఎక్కిస్తుంది. 2010లో దానికి డబ్బు జోడించారు. చేరిన 36 గంటల్లోపు ఆపరేషన్, 72 గంటల్లోపు వృద్ధుల వైద్యుడు చూడటం, మతిమరుపు పరీక్ష, మళ్లీ పడకుండా, ఎముక మళ్లీ విరగకుండా జాగ్రత్తలు లాంటివన్నీ జరిగితేనే ఆ పేషెంటు పేరున ఆసుపత్రికి అదనపు మొత్తం వచ్చేది. ఒక్కటి తప్పినా వచ్చేది కాదు. 2007 నుంచి 2011 మధ్య త్వరగా ఆపరేషన్ జరిగినవాళ్లు 54.5 శాతం నుంచి 71.3 శాతానికి పెరిగారు. 30 రోజుల్లో మరణాలు 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి.

ఇదంతా కాగితం వల్ల వచ్చింది కాదు. ప్రతి ఉదయం ఎనిమిదింటికి ట్రామా మీటింగ్ ఉంటుంది. రాత్రి చేరిన ప్రతి తుంటి కేసు పేరూ, ఎన్ని గంటలైందో తెర మీద కనిపిస్తుంది. "ఈవిడకి 22 గంటలైంది, ఇవాళ లిస్టులో మొదటి కేసు" అని నర్సు చెప్తే అదే జరుగుతుంది. పెద్దవాళ్లను లిస్టు చివరికి తోయడం ఆగింది అక్కడే.

ఎముకల డాక్టర్

ఇంగ్లండ్ లెక్కలు సరే. కానీ తుంటి ఆపరేషన్ ఎంత త్వరగా చేయాలో పరీక్షించిన హిప్ అటాక్ ట్రయల్ కూడా చెప్పాలి కదా. 2020లో లాన్సెట్‌లో వచ్చింది. 17 దేశాలు, 2,970 మంది, మన దేశం కూడా ఉంది. 6 గంటల్లో చేసినా 24 గంటల్లో చేసినా మరణాల్లో తేడా రాలేదు. మరి గడియారం పట్టుకుని పరిగెత్తడం ఎందుకు?

మన దగ్గర ఆలస్యానికి కారణాలు వేరు కూడా. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడాలంటారు. కట్టు కట్టించుకుని ఊళ్లోనే నాలుగు రోజులు ఉండి వస్తారు. డబ్బు సర్దుబాటు కావాలి. వీటిని ఏ పాత్‌వే ఆపుతుంది?

లీడ్స్ నుంచి

సర్, ఆ ట్రయల్ ప్రస్తావించడం న్యాయమే. కానీ అందులో ఆలస్యంగా చేసిన వర్గానిది కూడా 24 గంటలే, అదీ మధ్యస్థ విలువ, అంటే సగం మందికి అంతలోపే అయింది. మనం మాట్లాడుతున్నది నాలుగు, ఐదు రోజుల గురించి. ఆ ఆలస్యం ఫర్వాలేదని ఆ ట్రయల్ చెప్పలేదు. పైగా 6 గంటల వర్గంలో డెలీరియం (ఉన్నట్టుండి మతి తడబడటం) తగ్గింది, యూరిన్ ఇన్ఫెక్షన్లు తగ్గాయి, త్వరగా లేచి నడిచారు, ఒక రోజు ముందే ఇంటికెళ్లారు. 80 ఏళ్ల మనిషికి ఇవి చిన్న విషయాలు కావు.

మనవరాలు, ఖమ్మం

నేను డాక్టర్‌ని కాదు. పోయినేడు మా అమ్మమ్మకి ఇదే ఆపరేషన్ అయింది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

ఆపరేషన్ మంచిగానే అయింది. కానీ రెండో రోజు రాత్రి అమ్మమ్మ నన్ను గుర్తుపట్టలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులపడం, సెలైన్ పీకేయడం, చనిపోయిన తాతయ్యని పిలవడం. అమ్మ భయపడిపోయి గాలి సోకిందనుకుని తాయెత్తు తెప్పించింది. చేతులు మంచానికి కట్టేశారు. దాన్ని డెలీరియం అంటారని, పెద్దవాళ్లకి ఆపరేషన్ తర్వాత మామూలుగా వస్తుందని, కళ్లద్దాలూ వినికిడి మిషనూ పెట్టి, పగలు వెలుతురులో కూర్చోబెట్టి, తెలిసినవాళ్లు పక్కనుండి మాట్లాడుతుంటే తగ్గుతుందని నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నా. అప్పుడు అమ్మమ్మ కళ్లద్దాలు మా బ్యాగులోనే ఉన్నయ్. పోతాయేమోనని మేమే తీసి దాచాం. ఒక్కరు చెప్పి ఉంటే పెట్టేవాళ్లం.

సిస్టర్, మీ పాత్‌వేలో ఇంటివాళ్లకి తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. ఏ రోజు ఏం జరుగుతుందో, మేం ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో. మేం అక్కడ పగలూ రాత్రీ కూర్చునే ఉంటాం, పని చెప్తే చేస్తాం.

ఫిజియో, వరంగల్

పైన మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. నా పనిలో సగం ఇంటివాళ్లను ఒప్పించడమే. "మూడు నెలలు బెడ్ రెస్ట్" అన్న మాట ఊళ్లల్ల బాగా పాతుకుపోయింది. ఆపరేషన్ మర్నాడు మంచం దింపుతానంటే, కుట్లు ఊడుతయ్, రాడ్డు వంగుతది అని అడ్డం పడతారు. నేను లేని ఆదివారం పేషెంటు కదలడు. శనివారం ఆపరేషన్ అయితే సోమవారం దాకా అంతే. పాత్‌వేలో ఆదివారం ఎవరు లేపాలో పేరు రాయండి. వార్డు నర్సుకి నేర్పిస్తే చాలు, మంచం అంచున కూర్చోబెట్టి కుర్చీలోకి మార్చడం కష్టమేం కాదు. సర్జన్ ముందే రాయాల్సింది ఒక్క లైను: "పూర్తి బరువు వేయొచ్చు" లేదా "వేయొద్దు". ఆ లైను కోసమే నేను సాయంత్రం రౌండ్స్ దాకా కాచుకుని కూర్చున్న రోజులు చాలా ఉన్నయ్.

ఇంటికి పంపేముందు బాత్‌రూమ్ ఫొటో తెమ్మని అడగండి. ఇండియన్ కమోడ్ అయితే కుర్చీ కమోడ్ ముందే కొనిపించాలి, గోడకి పట్టుకునే రాడ్ వేయించాలి. ఇది డిశ్చార్జి రోజు చెప్తే ఏం లాభం?

హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తా

ఆరోగ్యశ్రీ కేసుల గురించి రెండు ముక్కలు. ఆలస్యం అప్రూవల్ వల్లే అని అందరూ మా మీద పెడతారు. చాలాసార్లు ఎక్స్‌రే, కార్డు, డాక్టర్ నోట్సు మా దగ్గరికి వచ్చేదే మర్నాడు మధ్యాహ్నం. ఎమర్జెన్సీకి ఫోన్ మీద అప్రూవల్ తీసుకునే ఏర్పాటు పథకంలో ఉంది, రాత్రి చేరినవాళ్ల గురించి రాత్రే చెప్పండి. పాత్‌వేలో మొదటి గంట పనుల్లో "హెల్ప్‌డెస్క్‌కి సమాచారం" అని ఒక గడి పెట్టండి.

స్టాఫ్ నర్స్, నల్గొండ

సిస్టర్, ఒకటి గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నా. మాకు ఇప్పటికే నర్సెస్ నోట్స్, డ్రగ్ చార్ట్, ఇంటేక్ అవుట్‌పుట్ చార్ట్, పడిపోయే రిస్క్ ఫారం, పడక పుండ్ల ఫారం, నొప్పి స్కోరు ఉన్నాయి. ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చే అక్రెడిటేషన్ వాళ్లు వచ్చే ముందు రాత్రి అందరం కూర్చుని నింపే కాగితాలు వేరే. మీ పాత్‌వే ఏడో కాగితం అయిందంటే రెండు నెలల్లో చచ్చిపోతుంది. పెడితే వీటిల్లో రెండు మూడు తీసేసి వాటి బదులు పెట్టండి. తీసేయడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే మొదలే పెట్టకండి.

ఇంకోటి. రాత్రి పన్నెండింటికి యూరిన్ పైపు తీయాలని కాగితంలో ఉంటుంది. డాక్టర్‌ని అడగకుండా తీస్తే తిడతారు, ఫోన్ చేస్తే "ఇంత రాత్రి దీనికా" అని విసుక్కుంటారు. అందుకే ఎవరూ తీయరు. "ఫలానా పరిస్థితి లేకపోతే నర్సు తీయొచ్చు" అని డాక్టర్లు ముందే సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని పాత్‌వేతో నర్సుకి పని పెరుగుతుంది, అధికారం మాత్రం రాదు.

ఆర్థో వార్డు సిస్టర్

నల్గొండ సిస్టర్, మీ మాట ప్రింట్ తీసి మా మెడికల్ డైరెక్టర్ గారికి చూపిస్తాను.

మత్తు డాక్టర్ గారూ, రెండు సందేహాలు. ట్రాక్షన్ పాత్‌వేలో పెట్టాలా వద్దా? క్యాజువాలిటీలో నొప్పికి ట్రామడాల్ ఇస్తున్నారు, పెద్దవాళ్లు వాంతులు చేసుకుంటున్నారు, మగతగా ఉంటున్నారు. మీరు చెప్పిన బ్లాక్ ఎవరివ్వాలి?

మత్తు డాక్టర్, కర్నూలు

ట్రాక్షన్ వల్ల ఆపరేషన్ ముందు నొప్పి తగ్గుతుందనడానికి ట్రయల్స్‌లో ఆధారం దొరకలేదు. వదిలేయండి. మోకాలి కింద ఒక దిండు పెట్టి, సుఖంగా ఉండే పొజిషన్‌లో ఉంచండి.

నొప్పికి పారాసెటమాల్ గంటల ప్రకారం, అడిగినప్పుడు కాదు. దానితో ఫాసియా ఇలియాకా బ్లాక్. గజ్జల దగ్గర ఒక్క ఇంజెక్షన్, అల్ట్రాసౌండ్ ఉంటే మేలు. అరగంటలో ముఖం తేటబడుతుంది, ఎక్స్‌రేకి మంచం మార్చేటప్పుడు అరుపులు ఉండవు. మేమే ఇవ్వాలని లేదు, శిక్షణ ఇస్తే క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్ ఇవ్వగలరు. బరువును బట్టి డోసు రాసి ఉండాలి, మానిటర్ ఉండాలి, మందు రక్తంలోకి పోతే వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ ఆ గదిలోనే ఉండాలి. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్ల విషయంలో మాకు ఫోన్ చేయాలి.

ఎముకల డాక్టర్

ఒక షరతు మీద నేను సంతకం పెడతాను. పాత్‌వే నుంచి పక్కకు వెళ్లడానికి నేను ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, కారణం ఒక లైను రాస్తే చాలు అని మొదటి పేజీలోనే ఉండాలి.

క్వాలిటీ డెస్క్, హైదరాబాద్

సర్, సరిగ్గా అలాగే ఉండాలి. మీరు భయపడ్డ కన్స్యూమర్ కేసులో మిమ్మల్ని కాపాడేది కూడా ఆ లైనే, ఎందుకంటే ఆలోచించి తీసుకున్న నిర్ణయమని అందులో కనిపిస్తుంది.

సిస్టర్, వేరియన్స్ ఇలా రాయించండి. "36 గంటల్లో ఓటీ: కాలేదు. 51 గంటలు. కారణం: హాస్పిటల్. ఇంప్లాంట్ రాలేదు." కారణాలు నాలుగే పెట్టండి: పేషెంటు ఆరోగ్యం, కుటుంబం, హాస్పిటల్, డాక్టర్ నిర్ణయం. నెలకోసారి అందరూ అరగంట కూర్చుని చూడండి. కొడుకు అమెరికాలో ఉన్నాడన్నదే ఎక్కువసార్లు వస్తే, చేరిన గంటలోనే వీడియో కాల్ పెట్టించడం పాత్‌వేలోకి వస్తుంది. ఎముకల డాక్టర్ గారు అడిగిన ప్రశ్నకి జవాబు అదే. ఆ మీటింగ్‌లో ఎవరినీ తప్పుపట్టకూడదు, పడితే రెండో నెల నుంచి అందరూ కారణం గడిలో "పేషెంటు ఆరోగ్యం" అనే రాస్తారు.

లీడ్స్ నుంచి

డిశ్చార్జితో ఆపేయకండి. ఒక తుంటి విరిగినవాళ్లకి రెండోది విరిగే ప్రమాదం ఎక్కువ, అయినా చాలా మంది క్యాల్షియం బిళ్లలతో ఇంటికెళ్తారు. 2007లో వచ్చిన హొరైజన్ ట్రయల్‌లో తుంటి ఫ్రాక్చర్ తర్వాత 90 రోజుల్లోపు ఎముక బలానికి వాడే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ 5 మి.గ్రా. ఇచ్చి, ఏటా ఒకసారి కొనసాగించారు. కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ముందు విటమిన్ డి సరిచేయాలి, క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల పనితీరు లెక్క) 35 కన్నా తక్కువైతే ఇవ్వకూడదు. కుట్లు విప్పడానికి వచ్చే రోజుకే ఈ ఇంజెక్షన్ తేదీ రాసి పెట్టండి, మళ్లీ పిలిస్తే రారు.

ఆర్థో వార్డు సిస్టర్

ఇంటివాళ్లకిచ్చే పేజీ మొదటి భాగం రాశాను, చూడండి.

"మీ అమ్మగారికి లేదా నాన్నగారికి తుంటి ఎముక విరిగింది. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేయడం మంచిది. కళ్లద్దాలు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు ఇంటి నుంచి తెచ్చి వాళ్ల దగ్గరే ఉంచండి. ఆపరేషన్‌కి 6 గంటల ముందు దాకా తేలికైన ఆహారం, 2 గంటల ముందు దాకా నీళ్లు, టీ ఇవ్వొచ్చు. ఎప్పుడు ఆపాలో సిస్టర్ చెప్తారు. ఆపరేషన్ మర్నాడు కుర్చీలో కూర్చోబెడతాం. ఎముకకి ఏమీ కాదు. రాత్రిపూట పొంతన లేకుండా మాట్లాడితే భయపడకండి, వెంటనే మమ్మల్ని పిలవండి, మీరు పక్కనే ఉండి పేరు పెట్టి మాట్లాడండి."

మనవరాలు, ఖమ్మం

మాకు ఇది అప్పుడు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో. ఆ రాత్రికి ఎవరి నంబరుకి ఫోన్ చేయాలో కూడా కింద రాయండి.

మత్తు డాక్టర్, కర్నూలు

సిస్టర్, ఒక్క మార్పు. "టీ" అని మాత్రమే రాస్తే మనవాళ్లు పాలు పోసిందే ఇస్తారు. పాలు ఘనాహారం కిందే లెక్క, 6 గంటలు ఆగాలి. "పాలు లేని డికాషన్ లేదా చక్కెర నీళ్లు" అని మార్చండి. మజ్జిగా వద్దని రాయండి. ఇక లిస్టు వెనక్కి జరిగినప్పుడల్లా ఓటీ నుంచి వార్డుకి ఫోన్ రావాలి, ఆ రెండు గంటల లెక్క మళ్లీ కొత్తగా మొదలవ్వాలి. ఆ ఫోన్ చేసే బాధ్యత ఓటీ ఇన్‌ఛార్జి సిస్టర్‌ది అని పాత్‌వేలో రాసేయండి.